గట్టిపిండానికి కొత్త అస్తరు

సూది బాబాయి చేతిలోంచి వెళ్ళిన పని మళ్ళీ వెనక్కి వచ్చిన దాఖలా లేదు. ఈ మాట ఇతరులు అనేదానికన్నా బాబాయి తనలో తను అనుకునేదే ఎక్కువ. ఎవరైనా పైకి అంటే "అబ్బే, ఏదో మీ అభిమానం" అని తల దించుకుంటాడు గానీ, ఇంకో ముక్క పొగుడుతారేమోనని అక్కడే కాసేపు నిలబడతాడు. మనిషి మంచివాడే. కాకపోతే మంచివాళ్ళకీ ఏదో ఒక పిచ్చి ఉంటుంది. ఈయనకిది.

ఆయన కారు సీట్లు కుడతాడు. మెకానిక్ షెడ్లు బారుగా ఉన్న వీధిలో చిట్టచివరి గది ఆయనది. గుమ్మం ముందు విప్పి పడేసిన సీట్లు, లోపల పాత బరువైన కుట్టు మిషను, గోడకి ఆనించిన రెగ్జిను చుట్టలు, మూత చుట్టూ గమ్ము గడ్డకట్టిన డబ్బా. వంకర సూదులు చొక్కా జేబు అంచుకి గుచ్చుకుని తిరుగుతాడు కాబట్టి వీధిలో అందరికీ సూది బాబాయి అయ్యాడు. ఆ వరసన ఆయన భార్య, జన్మలో సూది ముట్టని ఇల్లాలు, అందరికీ పిన్ని అయిపోయింది.

చిరిగిన సీటు వస్తే అది ఎందుకు చిరిగిందని బాబాయి అడగడు. అరిచేత్తో తడుముతాడు. ఎక్కడ కుంగిందో చూసి, అంత మేరకి స్పాంజి కోసి పూడుస్తాడు. పైన గుడ్డ బిగలాగి కుడతాడు. ఆ తర్వాత కళ్ళు మూసుకుని చెయ్యి రాస్తే ఎక్కడ పూడ్చాడో ఆయనకే తెలియకూడదు. అదీ ఆయన పెట్టుకున్న పరీక్ష. "పైన పటారం లోన లొటారం పని నా దగ్గర ఉండదమ్మా" అని కూతురికి చిన్నప్పటి నుంచీ చెప్పేవాడు. ఆ పిల్ల ఆ మాట వింటూ, స్పాంజి ముక్కల మీద పడుకుని నిద్రపోతూ పెరిగింది.

అదే వీధి మొదట్లో పెద్ద గ్యారేజీ ఉంది. దాని ఓనరుకి కార్లంటే ప్రాణం. ఊరి బయట రేసుల కోసం వేసిన ట్రాకుని, నెలకో ఆదివారం, ఆయనా ఆయన స్నేహితులూ కలిసి అద్దెకి తీసుకుంటారు. ఎవరి సొంత కారు వాళ్ళు తెచ్చుకుని, రోడ్డు మీద తోలలేనంత వేగంగా అక్కడ తోలుకుంటారు. పోటీ లేదు, కప్పు లేదు, చూసేవాళ్ళు లేరు. ట్రాక్ డే అంటారు దాన్ని. "మొదలెట్టిన చోటికే రావడానికి అంత తొందరెందుకురా నాయనా" అని పిన్ని ముక్కున వేలేసుకునేది. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకి జవాబు వాళ్ళలో ఎవరి దగ్గరా లేదు.

నిరుడు ఒక ఆదివారం ఆ ఓనరు కారు మలుపులో పట్టు తప్పి పల్టీలు కొట్టింది. కారు పాత ఇనుముకి కూడా పనికిరాలేదు. ఓనరు మాత్రం అందులోంచి పాక్కుంటూ బయటికొచ్చి, హెల్మెట్ తీసి, మంచినీళ్ళు అడిగాడు. మెడ మీద కమిలిన మచ్చ తప్ప ఇంకేం లేదు. ఆ రోజు నుంచి ఆ హెల్మెట్‌కి గట్టిపిండం అని పేరు పెట్టారు. తెల్ల రంగు, నుదుటి మీద నీలం గీత. ఓనరు తనకి కొత్తది కొనుక్కున్నాడు గానీ దీన్ని పారెయ్యలేదు. ప్రాణం కాపాడిన వస్తువుని చెత్తబుట్టలో వెయ్యడానికి ఎవరికి చేతులొస్తాయి? గుంపులో కొత్తగా చేరినవాళ్ళు మొదటిరోజు గట్టిపిండం పెట్టుకునే ట్రాకెక్కాలని ఒక పద్ధతి పుట్టింది. ఎవరూ రూలు పెట్టలేదు. అదే అలా అయిపోయింది.

అయితే పల్టీల తర్వాత దాని లోపల కాస్త వదులొచ్చింది. ఓనరు దాన్ని బాబాయి దగ్గరికి తెచ్చాడు.

"బాబాయ్, లోపల లూజుగా ఉంది. గుడ్డ కూడా చిరిగింది. కొత్త అస్తరు వేసి బిగించిపెట్టు."

"తలకాయకి సీటన్నమాట" అని నవ్వాడు బాబాయి. హెల్మెట్ ముట్టుకోవడం ఆయనకదే మొదలు. పాత గుడ్డ ఊడదీస్తే లోపల తెల్లగా, థర్మోకోల్ లాంటి గట్టి పొర కనిపించింది. ఎడమ చెవి వెనక, బొటనవేలు దిగేంత గుంట. బాబాయి అరిచేత్తో తడిమాడు. కుంగింది కదా, పూడ్చాలి. మెత్తటి స్పాంజి కోసి, గుంటలో కుక్కి, గమ్ము పూసి, మిగతా అంతా పల్చగా పరిచి, తన దగ్గరున్న మంచి సీటు గుడ్డ పైన లాగి, వంకర సూదితో చుట్టూ కుట్టాడు. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టి చూసుకున్నాడు. గుంట ఎక్కడుందో ఆయనకే దొరకలేదు.

ఓనరు తలకి పెట్టుకుని "అబ్బ, దిండులా ఉంది బాబాయ్!" అన్నాడు. బాబాయి ఇంకో ముక్క కోసం కాసేపు నిలబడ్డాడు.

ఆ తర్వాత దాన్ని చాలామంది పెట్టుకున్నారు. అందరిలోకీ చెప్పుకోవలసినవాడు లెక్కల మాస్టారు. నలభై దాటని మనిషి. ట్రాక్ మీద ఎవరు ఒక చుట్టు ఎంతలో తిరిగారో చెబితే, ఎవరికన్నా ఎవరెంత వెనకబడ్డారో నోటితోనే టకటకా చెప్పేసేవాడు. చేతిలో కాగితం ఉండేది కాదు. ఆయన మొదటిసారి ట్రాకెక్కిన రోజే కారు జారి, గట్టున పేర్చిన టైర్లకి గుద్దుకుంది. పెద్ద దెబ్బేం కాదు. తల ఒకసారి పక్కకి కొట్టుకుందట. నవ్వుతూ దిగాడు. "గట్టిపిండం మళ్ళీ కాపాడింది" అని అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత వారం మాస్టారు తన కారు సీటు కుట్టించుకోవడానికి బాబాయి దగ్గరికొచ్చాడు. గుడ్డ రంగు ఎంచుకున్నాడు. వాళ్ళ స్కూల్లో పిల్లాడెవడో సున్నా గురించి చెప్పిన జోకు చెప్పి, తనే పకపకా నవ్వి వెళ్ళాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. అదే సీటు గురించి అడిగాడు. అదే రంగు చూపించాడు. అదే జోకు చెప్పి, అదే చోట నవ్వాడు. పోనీ మర్చిపోయాడేమో, పాపం బోలెడు పనుల్లో ఉంటాడు అనుకుని బాబాయి కూడా రెండోసారి నవ్వాడు.

ఇప్పుడు కూతురి సంగతికి వద్దాం. కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది. ముఖాలకి ఫ్రేములు సరిచూడ్డం, అద్దాలు అరగదీయించడం ఆమె పని. తనకీ దళసరి కళ్ళద్దాలే. సొంత జీతంతో ఒక చిన్న పాత కారు కొనుక్కుంది. దానికి బాబాయి ఎర్రదారంతో సీట్లు కుట్టి ఇచ్చాడు. గ్యారేజీ వీధిలో పెరిగిన పిల్లకి ట్రాక్ మీదికి మనసు పోవడంలో వింతేముంది? వచ్చే ఆదివారానికి పేరు ఇచ్చేశానని చెప్పినప్పుడు పిన్ని రెండు రోజులు మాట్లాడలేదు, మూడోరోజు మాత్రం "పోతే పో, తలకి మంచిది కొనుక్కుని పో" అంది. తండ్రీకూతుళ్ళిద్దరూ హెల్మెట్ల షాపుకి బయల్దేరారు.

షాపావిడకి జుట్టు నెరిసింది, నవ్వు తక్కువ. అమ్మే మనిషిలా లేదు, ఇంజక్షన్ చేసే నర్సులా ఉంది. ముందు టేపు తీసి అమ్మాయి నుదుటి చుట్టూ కొలిచింది.

"బైకుదా, కారుదా?"

"ఏదైతే ఏం?" అన్నాడు బాబాయి.

"చాలా తేడా ఉందండీ. కారులో తల చుట్టూ ఇనప కడ్డీలుంటాయి, ఒకటికి రెండుసార్లు వాటికే కొట్టుకోవచ్చు. నిప్పంటుకుంటే తలుపు తీసుకుని బయటపడేదాకా ఆగాలి. అందుకని దీని లోపలి గుడ్డ తొందరగా అంటుకోదు. బైకుదానికి ఆ గుడ్డ ఉండదు."

బాబాయికి తన మంచి సీటు గుడ్డ గుర్తొచ్చింది. సిగరెట్ నిప్పు పడితే అది ఎలా ముడుచుకుపోతుందో ఆయనకి బాగా తెలుసు. 

అమ్మాయి ఒక్కొక్కటే పెట్టి చూసుకుంది. ఒకటి నుదుటి దగ్గర నొక్కింది. ఇంకోటి చెంపల్ని నోట్లోకి నెట్టేసింది. షాపావిడ హెల్మెట్‌ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "తలతో పాటు చర్మం కదలాలి. హెల్మెట్ ఒకటే కదిలితే అది మీది కాదు. కొత్తలో హాయిగా ఉందన్నా అది మీది కాదు." సరిపోయింది దొరికేసరికి కళ్ళద్దాలతో పేచీ వచ్చింది. కాడలు కణతల్లోకి దిగబడి, కాసేపటికే తలనొప్పి మొదలైంది. అయినా అమ్మాయి దాన్ని తియ్యకుండా, అద్దం దగ్గరికెళ్ళి కాడలు సర్దుకుంటూ నిలబడింది. హెల్మెట్‌లో ఉన్న మనిషికి బయట మాటలు వినపడవు.

బాబాయి షాపావిడ వైపు ఒక అడుగు జరిగాడు.

"అమ్మా, మాకు తెలిసినాయన ఒకాయన ఉన్నాడు. పాత హెల్మెట్ లోపల కొత్తగా కుట్టించుకున్నాడు. అలా... పర్లేదుగా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆయన అడగడం. ఆవిడ గమనించలేదు.

"పాతదంటే, ఎప్పుడైనా దెబ్బ తిందా?"

"ఒకసారి. బాగా కాపాడింది కూడా."

ఆవిడ బల్ల కింద నుంచి నిలువునా కోసిన సగం హెల్మెట్ తీసింది. పైన గట్టి చిప్ప, మధ్యలో తెల్లటి పొర, లోపల గుడ్డ. తెల్ల పొర మీద గోరుతో గట్టిగా నొక్కింది. గోరు దిగింది. గోరు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

"పనంతా దీనిదండీ. దెబ్బ పడితే ఇది నలిగి, తల నలక్కుండా చూస్తుంది. తల బదులు ఇది చచ్చిపోతుందన్నమాట. ఆ చోట మళ్ళీ దెబ్బ పడితే ఇంక అక్కడ ఏమీ లేనట్టే. లోపల వదులు రావడమే గుర్తు. ఆ వదులుని ఎవరో స్పాంజి పెట్టి పూడ్చారంటే, చచ్చినదానికి బట్టలు తొడిగినట్టు. ఎవరండీ ఆ కుట్టింది? ఆ మనిషికి బుద్ధుందా?"

బాబాయికి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. "ఏమోనమ్మా, నాకంత తెలీదు" అన్నాడు. అద్దం ముందు కూతురు హెల్మెట్‌లోంచి ఆయన వైపు చూసి బొటనవేలు ఎత్తి చూపించింది. ఒక్క ముక్క వినలేదు.

చివరికి, కళ్ళద్దాల కాడలు దూరడానికి లోపల సందు ఉన్న రకం ఒకటి తెప్పిస్తానంది షాపావిడ. ఆదివారం లోపల వచ్చేస్తుందంది. అమ్మాయి సరేనంది. బయటికొచ్చాక బాబాయికి ఊపిరాడింది. పిల్లకి కొత్తది వస్తుంది, చాలు. మరి గట్టిపిండం సంగతి? ఓనరుకి తీరిగ్గా చెబుదాం అనుకున్నాడు. ఇక్కడ బాబాయిని వెనకేసుకురావడం నావల్ల కాదు. తన పిల్ల తల గట్టెక్కిందనుకోగానే మిగతా తలల మాట ఆయనకి వచ్చే వారం పనిలా కనిపించింది. మనలో చాలామందిమి అంతేనేమో గానీ, అంతేనని ఊరుకుంటే తప్పు ఒప్పయిపోదు.

ఒకసారి గ్యారేజీ దాకా వెళ్ళకపోలేదు. ఓనరు ఎవరో కొత్త మనిషితో మాట్లాడుతున్నాడు. బాబాయిని చూడగానే భుజం మీద చెయ్యి వేసి, "ఇదిగో, గట్టిపిండానికి ప్రాణం పోసింది ఈయనే" అన్నాడు. కొత్త మనిషి నమస్కారం పెట్టాడు. బాబాయి కూడా పెట్టాడు. మింగలేక కక్కలేక, "ఊరికే ఇలా వెళ్తూ వచ్చాను" అని వెనక్కొచ్చేశాడు. ఇంట్లో పిన్ని రెండుసార్లు అడిగింది, ఒంట్లో బాలేదా అని. "ఏం లేదే" అన్నాడు. తేలు కుట్టిన దొంగ అరవగలడా?

శనివారం సాయంత్రం పిన్ని వీధి తలుపు తీసి కెవ్వుమంది. గుమ్మంలో మెడ పైన తెల్లటి గుండ్రటి తలతో కూతురు నిలబడి ఉంది. నుదుటి మీద నీలం గీత.

"కొత్తది ఇంకా రాలేదట నాన్నా" అంది అమ్మాయి ముందరి అద్దం పైకెత్తి. "ఓనరు గారు ఇది ఇచ్చారు. ఎలాగూ మొదటిరోజు ఇదే పెట్టుకోవాలిగా! చూడు, కళ్ళద్దాలు ఎంత హాయిగా దూరిపోయాయో. అసలు తలమీద ఉన్నట్టే లేదు. లోపల నీ చెయ్యి తెలుస్తోంది నాన్నా."

బాబాయి కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"వచ్చే నెల వెళ్ళకూడదూ? కొత్తది వచ్చాక."

"ఏం? దీనికేమయింది?"

"ఏం కాలేదు. ఊరికే."

"నువ్వు కుట్టినదాన్ని నువ్వే నమ్మవా ఏంటి?" అని అమ్మాయి పకాలున నవ్వింది. హెల్మెట్ తీసి, బల్ల మీద పెట్టి, దాని నెత్తి మీద ముద్దుగా తట్టింది. తడితే డొల్లగా ఒక చప్పుడు వచ్చింది. అది బాబాయికే అలా వినిపించిందో, నిజంగానే అలా ఉందో చెప్పలేను.

అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాడు కూడా. కానీ అంత మురిపెంగా చూస్తున్న పిల్ల ముందు "ఆ కుట్టింది బుద్ధిలేనివాడమ్మా" అని ఎలా అనడం? ఇంతలో ఆయనకో ఆలోచన తట్టింది. ట్రాక్ దగ్గర తనిఖీ ఉంటుంది. కార్లూ హెల్మెట్లూ చూసి పంపడానికి ఒక మనిషి ఉంటాడని కూతురే చెప్పింది. అంత తెలిసిన మనిషి దీన్ని చెయ్యి పెట్టగానే పట్టేస్తాడు, పక్కన పడేస్తాడు. తన నోటితో చెప్పాల్సిన పనే ఉండదు. ఆ ఆలోచన పట్టుకునే బాబాయి ఆ పూట అన్నం తిన్నాడు.

ఆదివారం ట్రాక్ దగ్గర ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. రేకుల షెడ్డు కింద కార్లు వరసగా నిలబెట్టారు. కాలిన రబ్బరు వాసన, దూరంగా మలుపులో టైర్ల కీచుమోత. ప్రతి కీచుమోతకీ బాబాయి భుజాలు ముడుచుకున్నాయి. తనిఖీ ఆయన మూతి బిగించుకుని వచ్చాడు. ఆయన మూతి చూసి బాబాయికి ధైర్యం వచ్చింది. ఇలాంటివాడే కావాలి.

ఆయన ముందు ఒక కారుని టైరు అరిగిందని వెనక్కి పంపేశాడు. ఒకతని హెల్మెట్ గడ్డం కింది పట్టీ చివికిపోయిందని పక్కన పెట్టించాడు. మేలు, మేలు అనుకున్నాడు బాబాయి. ఇప్పుడు గట్టిపిండం ఆయన చేతికొచ్చింది. వెనకున్న స్టిక్కరు చూశాడు. చిప్ప చుట్టూ తిప్పి చూశాడు. ఎప్పుడో మళ్ళీ రంగు వేయించారు, దెబ్బ తిన్న గుర్తే లేదు. పట్టీ లాగాడు. అమ్మాయి తలకి పెట్టించి అటూ ఇటూ కదిపాడు. కదల్లేదు. మళ్ళీ తీసి, లోపల చెయ్యి పెట్టి, చుట్టూ నొక్కుకుంటూ వచ్చాడు. ఎడమ చెవి వెనకకి వచ్చేసరికి బాబాయి ఒక అడుగు ముందుకేశాడు.

చెయ్యి ఆగలేదు. అక్కడ ఏదో ఉందని ఆ వేళ్ళకి తెలియలేదు. బాబాయి కళ్ళు మూసుకుని పెట్టుకున్న పరీక్షలో ఆ పని ఎప్పుడో నెగ్గింది మరి.

"కుట్టు బాగుంది" అన్నాడు తనిఖీ ఆయన. "వెళ్ళొచ్చు."

జన్మంతా అలాంటి మాట కోసం చెవులు రిక్కించిన మనిషి, ఆ మాట విని పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు.

"మీ అమ్మాయికి మొదటిసారా?" అని ఎవరో అడిగారు. లెక్కల మాస్టారు. చేతిలో టీ గ్లాసు, ముఖం నిండా నవ్వు. ఆయన ఆ దెబ్బ తర్వాత కారు తేవడం మానేశాడు, చూడ్డానికి వస్తున్నాడు.

"అవునండీ."

"అయితే గట్టిపిండం పెట్టుకోమనండి. ఏం భయం లేదు. నన్ను కాపాడింది అదే."

ట్రాక్ మీంచి వచ్చినతను ఒకడు మాస్టారికి తన చుట్టు ఎంతలో అయిందో, స్నేహితుడి చుట్టు ఎంతలో అయిందో చెప్పి, "ఎవరు ముందండీ, ఎంత తేడా?" అని అడిగాడు. మాస్టారు నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. నవ్వుతూనే జేబులోంచి ఫోను తీశాడు. అంకెలు నొక్కడానికి వేలు ఎత్తి, దాన్నే చూస్తూ ఉండిపోయాడు. "మాస్టారికి అప్పుడే వయసు మీద పడింది" అని అతను నవ్వి వెళ్ళిపోయాడు. మాస్టారు ఫోను జేబులో పెట్టుకుని, టీ తాగి, బాబాయి వైపు తిరిగాడు.

"మీ అమ్మాయికి మొదటిసారా?"

అదే ముఖం. అదే నవ్వు.

బాబాయికి గుడ్డ రంగు గుర్తొచ్చింది. రెండు రోజులు వరసగా విన్న జోకు గుర్తొచ్చింది. రెండోసారి తను నవ్విన నవ్వు గుర్తొచ్చింది.  తలెత్తి చూస్తే షెడ్డులో కూతురి కారు లేదు. బయల్దేరే గీత దగ్గర వరసలో ఉంది, ముందు ఇంకా ఒక్క కారే ఉంది.

ఆ వయసులో ఆ మనిషి పరిగెత్తడం అంతకుముందు ఎవరూ చూడలేదు. "ఆగమ్మా! ఆగు!" అని అరిచాడు. హెల్మెట్‌లో ఉన్న పిల్లకి ఏం వినపడుతుంది? ముందు కారు దూసుకుపోయింది. జెండా మనిషి చెయ్యి ఎత్తాడు. బాబాయి వెళ్ళి కారు ముందర అడ్డంగా, బానెట్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. జెండా మనిషి తిట్టాడు. వెనక హారన్లు మోగాయి. ఓనరు "బాబాయ్, ఏంటిది!" అంటూ వచ్చాడు.  బాబాయి కిటికీలోంచి చెయ్యి పెట్టి, కూతురి గడ్డం కింది పట్టీ తనే విప్పాడు. రెండు చేతులా హెల్మెట్ లాగితే కళ్ళద్దాలు కూడా వచ్చి ఒళ్ళో పడ్డాయి.

"నాన్నా! అందరి ముందూ ఏంటి నాన్నా ఇది?" అంది అమ్మాయి, కళ్ళద్దాలు లేక ఆయన ముఖం సరిగా కనపడక.

కారుని పక్కకి తీయించారు. షెడ్డు కింద నేల మీద కూర్చుని బాబాయి జేబులోంచి దారం కోసే చిన్న బ్లేడు తీశాడు. తను వేసిన కుట్టు తనే కొయ్యడం మొదలుపెట్టాడు. గట్టి కుట్టు, తొందరగా ఊడి రాలేదు. చుట్టూ అందరూ మూగి చూస్తున్నారు. అస్తరు ఊడదీశాడు. ఉబ్బి గుంటంతా నిండిన స్పాంజి ముక్క పీకి నేల మీద పడేశాడు.

ఆయన పూడ్చింది బొటనవేలు దిగేంత గుంట. ఇప్పుడు అక్కడ పిడికిలి పట్టేలా ఉంది. అక్కడి నుంచి తెల్ల పొర నెత్తి దాకా అడ్డంగా చీలిపోయి, పొడి పొడిగా రాలింది. పొర వెనక చిప్పే కనపడుతోంది. అంటే మాస్టారు టైర్లకి గుద్దుకున్నప్పుడు అక్కడ పడిన రెండో దెబ్బకి మధ్యలో ఏమీ లేదు. తిన్నగా తలే.

"ఇది ముందే ఉందా?" అన్నాడు ఓనరు. 

"కొంత ఉంది."

"మరి నాకు చెప్పలేదేం బాబాయ్?"

"చెప్పడానికేముందనుకున్నాను. కుంగితే పూడుస్తాను కదా. సీటనుకున్నాను బాబూ. షాపావిడ చెప్పింది, అప్పుడైనా చెప్పాల్సింది. నా పిల్లకి కొత్తది వస్తుందిలే అని ఊరుకున్నాను."

 ఇదే హెల్మెట్ ఎప్పుడో ఒకరోజు పెట్టుకున్నవాళ్ళు వాళ్ళలో చాలామంది ఉన్నారు. ఒకతని చెయ్యి తనకి తెలియకుండానే ఎడమ చెవి వెనక్కి వెళ్ళింది. అమ్మాయి కళ్ళద్దాలు పెట్టుకుని వంగింది. గుంటలో వేలు పెట్టి చూసింది. తండ్రి వైపు చూడలేదు.

గుంపుని తప్పించుకుని మాస్టారు ముందుకొచ్చాడు. ఊడదీసిన అస్తరు చేతిలోకి తీసుకుని తిరగేసి చూశాడు.

"భలే కుట్టారండీ. ఎవరి పని ఇది?" అన్నాడు. తర్వాత అమ్మాయిని చూసి, "మీకు మొదటిసారా అమ్మా? అయితే గట్టిపిండం పెట్టుకోండి. నన్ను కాపాడింది."

బాబాయి చేతిలోంచి వెళ్ళిన పని ఒక్కటీ వెనక్కి రాలేదని చెప్పాను కదా. ఆ రోజు వచ్చింది. ఎదురుగా నిలబడి నవ్వింది.

అందరికన్నా ముందు తేరుకున్నది అమ్మాయే. "మాస్టారూ, నాతో రండి. ఒకసారి ఆసుపత్రికి వెళ్ళొద్దాం" అంది.

"ఎందుకమ్మా? నాకేమయింది?"

"ఏం కాలేదు. నాన్నకి ఒంట్లో బాలేదు. తోడు రండి."

పరోపకారి మనిషి, వెంటనే కదిలాడు. బాబాయిని తనే చెయ్యి పట్టుకుని లేపాడు. ఇద్దరినీ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని అమ్మాయి ట్రాక్ గేటు దాటి, పిల్లలున్న కారు నడిపినట్టు నెమ్మదిగా నడిపింది. దారి పొడవునా వెనక్కి తిరిగి చూడలేదు. అద్దంలో బాబాయికి ఆమె కళ్ళు మాత్రం కనపడ్డాయి. తడిగా ఉన్నాయి, గట్టిగా ఉన్నాయి. ఇంటికెళ్ళాక తనతో మాట్లాడుతుందో లేదో ఆయనకి తెలియలేదు. మాట్లాడకపోయినా అడిగే ముఖం తనకి లేదనుకున్నాడు.

మాస్టారు ఎర్రదారం కుట్టు మీద అరిచెయ్యి రాస్తున్నాడు, ఇష్టంగా.

"సీటు ఎంత బాగా కుట్టారండీ! ఎవరు కుట్టారు?"

"నేనేనండీ" అన్నాడు బాబాయి.

"ఓహో! చాలా మంచి పని." కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. కారు సిగ్నల్ దగ్గర ఆగింది. మాస్టారు చెయ్యి మళ్ళీ కుట్టు మీదికొచ్చింది. మళ్ళీ ముఖం వెలిగింది.

"సీటు ఎంత బాగా కుట్టారండీ! ఎవరు కుట్టారు?"

బాబాయి ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నేనే మాస్టారూ" అన్నాడు. "నేనే కుట్టాను."